బుట్ట మూత

బుట్టలో ఏముందో చివర్లో చెప్తాను.
అంతవరకూ కదలకండి.

పర్లాకిమిడి సంతలో
ఎండుచేపల వరసకీ వెదురుతట్టల వరసకీ మధ్య
దాలయ్య మేకు పాతి ముంగిసని కట్టేవాడు.
పక్కన మూత వేసిన బుట్ట.
"ఇంకో అయిదు నిమిషాల్లో పాము లేస్తాది,
దాని పడగ ఇది కొరుకుతాదో, దీని గొంతు అది పడతాదో,
ఎల్లిపోయినోడికి రేత్తిరి నిద్దర పట్టదు!"
తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి.
మూత మీద వేలితో కొట్టేవాడు. టక్. టక్.
ఈలోగా తాయెత్తులు అమ్మేవాడు.

గుణుపురం బండి వెళ్లిపోయింది.
ఉప్పు కొనమని అమ్మ ఇచ్చిన రూపాయి తాయెత్తయింది.
ముంగిస నిద్రపోయింది.
నేను నిలబడే ఉన్నాను,
కాలు మార్చి కాలు, కాలే మట్టిలో.

నాకు పని నేర్పింది ఆయనే.

ఇప్పుడు జీడిపప్పు గోదాం మేడమీద గదిలో
రోజుకి నలభై శీర్షికలు, ఒక్కోటి నాలుగు రూపాయలు.
విశాఖ నుంచి శశిధర్ గారు ఫోన్లో
"ఇంకొంచెం ఉప్పు వెయ్యవయ్యా" అంటారు.
కొత్తగా చేరిన కుర్రాడికి నేను చెప్పేది ఇంతే:
పేరు చెప్పకు. "ఈ నటి" అను. "ఆ ఊళ్లో" అను.
"ఈ" అన్న అక్షరం తలుపు సందు,
కన్ను పెట్టకుండా ఎవడూ పోలేడు.
పది అనకు, పదకొండు అను.
పదిని ఎవరూ నమ్మరు,
పదకొండైతే నిజంగా లెక్కపెట్టారనుకుంటారు.
దేశం అంటే ఆవలిస్తారు,
"మీ వంటగదిలో" అంటే లేచి కూర్చుంటారు.
అబద్ధం ఆడకు. అక్కర్లేదు.
పన్ను ఊడిన చోటికి నాలుక తనంతట తనే వెళ్తుంది,
నువ్వు చెయ్యాల్సింది పన్ను పీకడమే.

కుర్రాడు రాసుకున్నాడు.
నాకు గర్వంగానే ఉండింది.

ఆషాఢంలో, ముసురు రోజు, నేనే రాశాను:
"కాశీనగర్ దారిలో ఆగిపోయిన బస్సు...
ఈ డ్రైవర్‌కి ఎదురైంది తెలిస్తే మీ గుండె ఆగుతుంది!"

కింద టీ బడ్డీ పోలమ్మది.
మొగుడు కూర్మారావు ఆ దారిలోనే బస్సు నడుపుతాడు.
కూతురు హేమ, ఆరో క్లాసు, ఒడియా బడి,
ఇంట్లో నేర్చిన తెలుగుని కూడబలుక్కుంటూ
గుండె దాకా చదివింది.
నొక్కింది.
డేటా అయిపోయింది.
తెర మీద సున్నా తిరుగుతోంది. తిరుగుతోంది.

కూర్మారావు ఫోను ఎత్తడం లేదు.
పాలు పొంగి పొయ్యి ఆరిన వాసన
మెట్లెక్కి నా గదిలోకొచ్చింది, దాని వెనక పోలమ్మ.
ఏడవడం లేదు. ఫోను నా ముందు పెట్టి
"బాబూ, ఇది నువ్వు రాసిందే కదా,
లోపలేటుందో సెప్పు" అంది.
గుమ్మంలో ఎవరో "కొణొ హెలా? కొణొ హెలా?"
అదే ఖాళీ, రెండు భాషల్లో.

"ఏమీ లేదు పోలమ్మా. టైరు పంచరైంది.
దిగి చూస్తే చక్రం పక్కన కొండచిలువ పిల్ల.
దాన్ని తోలేసి ఫొటో దిగాడు.
ఛార్జింగ్ అయిపోయుంటుంది."
ఆమె నా నోటివైపే చూస్తూ ఉంది,
ఇంకా ఏదో దాచానేమోనని.
ఆ అలవాటు చేసింది నేనే:
మాట పూర్తయ్యాక కూడా నమ్మకపోవడం.
తర్వాత మెట్ల మీద కూలబడి
కొంగుతో పాదాలు తుడుచుకుంది. చెప్పులు లేవు.
తిట్టలేదు. తిడితే బాగుండేది.

చివర్లో అన్నాను గానీ, ఆగలేను, ఇప్పుడే చెప్పేస్తాను.
ఆ సాయంత్రం వాన పడి జనం చెదిరాక
దాలయ్య బుట్ట తెరిచాడు.
సత్తుగిన్నెలో గంజి, రెండు ఉల్లిపాయలు.
సగం తాగి సగం ముంగిస ముందు పెట్టాడు.
పాము ఎప్పుడూ లేదు.
ఏడుస్తూ ఇంటికెళ్లాను.
మళ్లీ సంతకి మళ్లీ వచ్చి నిలబడ్డాను,
కళ్లారా చూసి కూడా.

ఆ రాత్రి శీర్షిక మార్చాను:
"కాశీనగర్ దగ్గర బస్సు టైరు పంచర్. అందరూ క్షేమం."
పదిమంది చూశారు. నిజంగా పదే.
శశిధర్ గారు ఫోన్ చేశారు. ఎత్తలేదు.

పొద్దున్న టీ గ్లాసు చేతికిచ్చి,
ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా
పోలమ్మ అడిగింది:
"ఆ కొండసిలవ పిల్ల... తర్వాత ఏటయింది బాబూ?"